కాయితంలో లేని కట్టె

కోనరావుపేట మండలంలో ఇల్లు కట్టుకునేవాళ్లు సుతారి మేస్త్రితో రాసుకునే గుత్త కాయితం మామూలుగా ఒక బాండ్ పేపరు, దానికి పిన్ను కొట్టిన ఇంకో తెల్ల కాయితం. చదరపు అడుగుకు ఇంత, బేస్‌మెంటు లేస్తే ఇంత, గోడలు లేస్తే ఇంత, స్లాబు పడితే ఇంత అని అందులో ఉంటుంది. సిమెంటు ఏ కంపెనీదో, సలాక ఎన్ని ఎంఎందో, ఇటుక ఏ బట్టీదో కూడా కొందరు పట్టుబట్టి రాయించుకుంటారు. కట్టె సంగతి వచ్చేసరికి మాత్రం రెండే ముక్కలు: "సెంట్రింగ్‌తో సహా", "దర్వాజలు ఇంటాయన తెచ్చుకోవాలె". అంతే.

ఇంటి మీదికి ఎక్కువ ప్రమాదం తెచ్చేది ఈ రెండు ముక్కల్లో దాక్కున్న పనే. స్లాబు గట్టిపడేదాకా దాన్ని మోసేది కట్టె. గోడలో ఇరుక్కుని తలుపుల బరువంతా మోసేదీ కట్టే. మొదటిది పని అయ్యాక విప్పుకుని పోతారు, రెండోది ప్లాస్టరు, రంగుల వెనక కనిపించకుండా పోతుంది. నగిషీలు చెక్కిన తలుపును పదిమందీ చూస్తారు, మేస్త్రి పేరు అడుగుతారు. ఈ మోటు వడ్లపనిని ఎవరూ చూడరు. చూడని పనికే కాయితం ఎక్కువ అవసరం.

అమెరికాలో డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మన పిల్లల్ని అడిగితే ఈ తేడా చెబుతారు. అక్కడ ఇంటి గోడల ఎముకలన్నీ కట్టెవే. అందుకే అక్కడి నిర్మాణ ఒప్పందాల్లో ఈ మోటు వడ్రంగానికి ఒక అధ్యాయమే ఉంటుంది. ఏ జాతి కట్టె, ఏ తరగతి, ఎంత తేమ, ఎన్ని అంగుళాలకో మేకు అన్నీ రాసి ఉంటాయి. ఆరిన కట్టె అని ముద్ర పడాలంటే దానిలో తేమ 19 శాతం మించకూడదు, ఆ ముద్ర ప్రతి ముక్క మీదా కనిపించాలి. మనకు కాంక్రీటు ఇళ్లు కదా, ఈ గొడవ ఎందుకు అనుకుంటాం. నిజానికి మన కాంక్రీటు ఇల్లు మొదటి రెండు వారాలు కట్టె ఇల్లే.

ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల రూపాయలు నాలుగు విడతల్లో వస్తాయి. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. ఆ చిన్న ఇంటి స్లాబునే లెక్కలోకి తీసుకుందాం. మందం 5 అంగుళాలు అనుకుంటే కాంక్రీటు 167 ఘనపుటడుగుల దాకా పడుతుంది. సలాకతో కలిపి ఘనపు మీటరు కాంక్రీటు 2,500 కిలోలు తూగుతుంది కాబట్టి మొత్తం దాదాపు 12 టన్నులు. పొద్దున మిల్లరు మొదలుపెట్టి సాయంత్రానికల్లా ఈ 12 టన్నులనూ పది అడుగుల ఎత్తున పెడతాం. ఆ సాయంత్రం కాంక్రీటుకు సొంత బలం సున్నా. దానిలోని సలాక కూడా అప్పటికి ఒక బరువే, బలం కాదు. పైన గంపలు మోసేవాళ్లు, వైబ్రేటరు అదురు, ఒకేచోట కుప్పపోసిన మాలు వీటికి అదనం.

చదరపు అడుగుకు 30 కిలోల లెక్కన, మూడడుగులకు ఒక కర్ర నిలబెడితే ఒక్కో కర్ర మీదికి 270 కిలోలు వస్తుంది. ఇది కాంక్రీటు బరువొక్కటే. పలకలు, మనుషులు కలిస్తే 400 కిలోలు దాటినా ఆశ్చర్యం లేదు. "నీలగిరి కర్రకు గదో బరువా" అంటారు సెంట్రింగ్ పనివాళ్లు. ఆ మాట సగం నిజం. కర్రను నిలువునా నలగ్గొట్టాలంటే టన్నుల బరువు కావాలి. కానీ పొడుగాటి కర్ర నలిగి విరగదు, నడుము దగ్గర పక్కకు వంగి విరుగుతుంది.

ఈ వంగుడుకు 18వ శతాబ్దంలోనే స్విట్జర్లాండ్ గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ సూత్రం కట్టాడు. నిలువు కర్ర ఎంత బరువు దగ్గర నడుము వంచుతుందో అది చెబుతుంది. అందులో రెండు సంగతులు సెంట్రింగ్ కింద నిలబడే ప్రతి మనిషికీ తెలిసి ఉండాలి. ఒకటి, గుండ్రటి కర్ర మందం కొంచెం తగ్గినా బలం నాలుగో ఘాతంలో పడిపోతుంది. రెండు, పొడుగు రెట్టింపైతే బలం నాలుగో వంతుకు దిగుతుంది. నీలగిరి కర్ర బిగువును మధ్యస్థంగా తీసుకుని పది అడుగుల ఎత్తుకు లెక్క వేస్తే, 3 అంగుళాల మందపు కర్ర సుమారు 1,400 కిలోల దగ్గర వంగుతుంది. 2 అంగుళాలదైతే 280 కిలోల దగ్గరే. మందం మూడింట రెండొంతులైంది, బలం ఐదో వంతైపోయింది. మన స్లాబు కింద ఒక్కో కర్ర మీద పడే కాంక్రీటు బరువు 270 కిలోలని ఇప్పుడే లెక్క కట్టాం. రెండు అంగుళాల కర్రకు మిగిలింది 10 కిలోలు. దాని మీద మనిషి కాలు పెట్టడానికి కూడా చోటు లేదు. ఇది కర్ర తిన్నగా ఉంటేనే, కొంచెం వంకర ఉన్నా ఆ 280 కూడా రాదు.

అదే రెండు అంగుళాల కర్రను సరిగ్గా నడుము దగ్గర అడ్డకర్రతో కట్టేస్తే వంగే పొడుగు సగమవుతుంది, బలం నాలుగు రెట్లై 1,100 కిలోలు దాటుతుంది. ఖర్చు ఒక అడ్డకర్ర, రెండు మేకులు, పావుగంట పని. అడ్డకర్ర రెండు వైపులా కట్టాలి, గది పొడుగున ఒకటి, వెడల్పున ఒకటి. దాని కొస గోడకో స్తంభానికో తగిలి ఉండాలి. పది కర్రల్ని ఒకదానికొకటి కట్టి, వాటన్నిటినీ దేనికీ ఆనించకుండా వదిలేస్తే పదీ కలిసి ఒకేవైపు ఒరుగుతాయి. అందుకే మూలల్లో ఏటవాలు కట్లు కూడా కావాలి. ఇనుప జాకీలు వచ్చాక ఈ అడ్డకట్లు మరీ మానేశారు. జాకీ ఇనుముదైనా ఆయిలర్ లెక్క మారదు. పైగా జాకీలోని పిన్ను స్థానంలో సలాక ముక్క దోపి పని కానిచ్చే చోట జాకీ బలం ఆ ముక్క బలమే.

పక్కకట్లు లేని బరువు ఏమవుతుందో మనకు దగ్గర్లోనే కనిపించింది. పెద్దపల్లి జిల్లా ముత్తారం మండలం ఓడేడు దగ్గర మానేరు మీద 2016లో మొదలైన వంతెన ఏళ్ల తరబడి సగంలో ఆగింది. 2024 ఏప్రిల్ 22 రాత్రి వీచిన ఈదురుగాలికి దాని కాంక్రీటు గడ్డర్లు కింద పడ్డాయి. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. వందల క్వింటాళ్ల గడ్డర్‌ను గాలి ఏం చేస్తుందిలే అనుకుంటాం. సన్నగా, ఎత్తుగా, పైన స్లాబు పడక, పక్కవాటితో బిగింపు లేక నిలబడిన వస్తువుకు నిలువు బలం ఎంతున్నా పక్కబలం ఉండదు. తాత్కాలికంగా నిలబెట్టిన ప్రతిదాని బలహీనతా ఇదే.

కర్ర నడుము సంగతి ఇది. కిందికొస ఇంకా అధ్వాన్నం. బేస్‌మెంటులో మొరం పోసి, నీళ్లు కొట్టి, పైపైన దిమ్మిస చేసిన నేల మీద కర్ర నిలబెడతారు. రెండు అంగుళాల కర్ర కొస వైశాల్యం మూడు చదరపు అంగుళాలు. దాని మీద 400 కిలోలంటే పచ్చి మొరం మీద మేకు దిగ్గొట్టినట్టే. స్లాబు పోసిన రాత్రి నుంచి క్యూరింగు నీళ్లు కారి ఆ మొరం ఇంకా మెత్తబడుతుంది. కర్ర అర అంగుళం దిగితే ఆ చోట స్లాబు కూడా అర అంగుళం కుంగుతుంది. అప్పటికే బిగుసుకోవడం మొదలైన కాంక్రీటులో ఆ కుంగు పగులై నిలిచిపోతుంది. తర్వాత వానకాలంలో ఆ గీత వెంట చెమ్మ దిగితే "సిమెంటు మంచిది కాదు" అంటాం. కర్ర కింద అడుగు వెడల్పు పలక ముక్క వేసి ఉంటే సరిపోయేది. ఇటుక మీద ఇటుక పెట్టి ఎత్తు సరిచేసే అలవాటు మాత్రం పూర్తిగా మానాలి. ఎత్తు సరిచేయడానికి ఎదురెదురుగా తోసే జత చీలికలు వాడాలి. బిగించడానికీ అవే, విప్పే రోజు దెబ్బ తగలకుండా మెల్లగా దించడానికీ అవే.

స్తంభాల దగ్గర సమస్య వేరే. పోస్తున్నప్పుడు కాంక్రీటు చిక్కటి ద్రవం, అది పక్కలకు తోస్తుంది. పది అడుగుల స్తంభాన్ని ఒక్క ఊపున నింపితే అడుగున చదరపు మీటరుకు ఏడున్నర టన్నుల ఒత్తిడి ఉంటుంది. 12 అంగుళాల ముఖం ఉన్న పెట్టె అడుగు భాగంలో ఒక్క అడుగు ఎత్తు మీదే 650 కిలోలకు పైగా తోపు పడుతుంది. అందుకే బిగింపులు కింద దగ్గరదగ్గరగా, పైకి పోయినకొద్దీ దూరంగా ఉండాలి. మనవాళ్లు అన్నీ సమానదూరంలో కడతారు. కిందిది ఉబ్బి, సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోతాయి, స్తంభం మొదట్లో కంకర బయటపడి తేనెపట్టులా తొర్రలు తేలుతుంది. ఇంటి బరువంతా దిగే చోటే బలం పోతుంది. మరుసటి రోజు పైన మాలు రాసి కప్పేస్తే ఫొటోలో బాగానే కనిపిస్తుంది.

పలకల విషయంలో ఒకట్రెండు మాటలు చాలు. ఎండిన పలక కాంక్రీటులోని నీటిని పీలుస్తుంది, కాబట్టి ముందే తడపాలి. కొత్త పచ్చి కట్టెలోని చక్కెరలు, టానిన్లు సిమెంటు బిగుసుకోకుండా అడ్డుపడతాయి. కొత్త పలక తీసిన చోట స్లాబు అడుగు పిండిలా రాలడానికి కారణం అదే. నూనె పలకకు పూయాలి గానీ సలాక మీద పడకూడదు. పడితే సలాకకూ కాంక్రీటుకూ పట్టు తప్పుతుంది. సలాక కట్టాక నూనె కొట్టే పనివాడిని వెంటనే ఆపండి. ప్లైవుడ్ వాడితే సెంట్రింగ్ కోసమే తయారైన రకం, ఐఎస్ 4990 గుర్తు ఉన్నది తీసుకోవాలి. బీరువాలకు వాడే ప్లైవుడ్ రెండు స్లాబులకే పొరలు విడిపోతుంది.

ఇక అసలు గొడవ, ఎన్ని దినాలకు విప్పాలి అన్నది.

"సారూ, నాల్గు దినాలల్ల ఇప్పుకుంటం. షీట్లు రుద్రంగిల ఇంకో ఇంటికి పోవాలె."

"అన్నా, ఇంకో వారం ఉండనియ్యరాదు."

"కిరాయి ఎవలిస్తరు సారూ?"

ఈ మూడు మాటలూ ఈ ప్రాంతంలో ఇల్లు కట్టిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక రూపంలో విన్నవే. సెంట్రింగ్ ఆయన తప్పు మనిషి కాదు. అతని పెట్టుబడి ఆ షీట్లు, కర్రలే. అవి ఒకచోట నిలిచిపోతే అతనికి రోజూ నష్టమే. ఎన్ని రోజులు ఉంచాలో కాయితంలో లేదు కాబట్టి అతని లెక్కా న్యాయమే.

కాంక్రీటు ఆరి గట్టిపడదు. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో కలిసి కొత్త పదార్థంగా మారుతూ గట్టిపడతాయి. అందుకే నీళ్లు కొడుతూ ఉండాలి, అందుకే సమయం పడుతుంది. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుతో, సరిగ్గా క్యూరింగ్ చేస్తే ఏడు రోజులకు 28 రోజుల బలంలో మూడింట రెండొంతుల దాకా వస్తుంది. మన ఊళ్లలో ఇప్పుడు ఎక్కువగా దొరికేది మాత్రం బూడిద కలిపిన పీపీసీ. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు మండాక మిగిలే సన్నటి బూడిద అందులో 15 నుంచి 35 శాతం దాకా ఉండొచ్చు. మన పక్కనే రామగుండం ఎన్టీపీసీ ఉంది, ఆ బూడిద ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పీపీసీ చెడ్డది కాదు. బూడిదలోని సిలికా, సిమెంటు విడుదల చేసే సున్నంతో కలిసి మళ్లీ గట్టి పదార్థాన్నే తయారుచేస్తుంది, చివరికి కాంక్రీటులో సందులు తగ్గి చెమ్మ తక్కువ పీలుస్తుంది. కానీ ఆ రెండో చర్య నిదానంగా సాగుతుంది. మొదటి వారంలో పీపీసీ స్లాబు వెనకబడి ఉంటుంది. మనం విప్పడానికి తొందరపడేది సరిగ్గా ఆ వారంలోనే.

కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ప్రమాణం ఐఎస్ 456. దాని 2000 నాటి ప్రతిలో ఈ రోజుల లెక్క ఉంది. స్తంభాల, గోడల పక్క పలకలు 16 నుంచి 24 గంటలకు తీయొచ్చు. స్లాబు అడుగు పలకలు మూడు రోజులకు తీయొచ్చు, కానీ తీసిన వెంటనే కర్రలు మళ్లీ నిలబెట్టాలి. కర్రలు తీసేయాలంటే 4.5 మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు, దాటితే 14. దూలాల కింద 6 మీటర్ల దాకా 14 రోజులు, దాటితే 21. ఇవన్నీ సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గనప్పుడు. వేరే సిమెంటుకు రోజులు మార్చుకోవాలని ఆ ప్రమాణమే చెబుతోంది. పుష్యమాసపు రాత్రుల్లో ఇక్కడ 15 కంటే కిందికి దిగుతుంది, దాన్ని కూడా చూసుకోవాలి. పీపీసీతో పోసిన 12 అడుగుల గదికి కర్రలు 14 రోజులు ఉంచాలని నేను గట్టిగా చెబుతాను. ఏడు రోజుల అదనపు కిరాయి ఇంటి ఖర్చులో ఎంతో లెక్క వేసి చూడండి.

విప్పే వరుస కూడా ముఖ్యమే. గది స్లాబుకు నడిమధ్య నుంచి గోడల వైపు తీస్తూ పోవాలి. సజ్జకూ, బయటికి చాచిన బాల్కనీకీ ఇది తిరగబడుతుంది, బయటి కొస నుంచి గోడ వైపు రావాలి. సజ్జ కింద బయటి కర్ర ఉంచి లోపలిది ముందు తీస్తే, పైన సలాకతో పనిచేయాల్సిన సజ్జకు కింద లాగుడు పుడుతుంది, అక్కడ సలాక ఉండదు. ఇంకొకటి, సజ్జను వెనక్కి పట్టి ఉంచేది దాని మీద లేచే గోడ బరువు. ఆ గోడ లేవకముందే కర్ర తీస్తే సజ్జ మొత్తం బోర్లా పడుతుంది. సజ్జలు పడే ప్రమాదాలు వార్తల్లో కనిపించడం ఊరికే కాదు.

ఇంత ముఖ్యమైన పని కాయితంలోకి ఎందుకు రాదు? కొలతల పద్ధతిలోనే దీనికి జవాబుంది. ప్రభుత్వ పనుల్లో సెంట్రింగ్‌ను కొలిచేది కాంక్రీటుకు ఆనిన ముఖం వైశాల్యంతో. ఆ పలకను మోసే కర్రలు, అడ్డకట్లు, కింది పలక ముక్కలు, చీలికలు అన్నీ ఆ రేటులో కలిసిపోయినవే, వాటికి విడిగా కొలత లేదు. చాలా పద్దుల్లో అయితే సెంట్రింగ్ మొత్తం కాంక్రీటు రేటులోనే కలిసి ఉంటుంది. ప్రైవేటు గుత్తలో ఇంకా సులువు, చదరపు అడుగు రేటులో అన్నీ మునిగిపోతాయి. పలక తగ్గిస్తే కాంక్రీటు కారుతుంది, అందరికీ కనిపిస్తుంది. కర్ర తగ్గిస్తే ఎవరికీ కనిపించదు, మిగిలింది లాభం. పని చెడ్డవాళ్ల వల్ల పాడవుతోందని అనుకోవడం కంటే, పొదుపు చేసినవాడికి డబ్బు మిగిలేలా మనమే కొలతను ఎంచుకున్నామని ఒప్పుకోవడం మేలు.

ఈ కోనరావుపేట మండలంలోనే కాళేశ్వరం తొమ్మిదో ప్యాకేజీ కింద 3 టీఎంసీల మల్కపేట జలాశయం కట్టారు. అలాంటి పనుల ఒప్పందాల వెనక స్టాండర్డ్ స్పెసిఫికేషన్లు, ఐఎస్ కోడ్‌లు, తాత్కాలిక నిర్మాణాలకు ప్రత్యేకించిన ఐఎస్ 14687 లాంటి మార్గదర్శకాలు ఉంటాయి. సంతకం పెట్టిన గుత్తేదారుకు చదవకపోయినా అవన్నీ వర్తిస్తాయి. దాని పక్క ఊళ్లో 400 చదరపు అడుగుల ఇంటికి ఏమీ వర్తించదు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 10 లక్షల రూపాయల లోపు సొంత ఇంటి పనిని తన పరిధిలోంచి తప్పించింది. 2020లో వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ హద్దును 50 లక్షలకు పెంచింది. అంటే ఇందిరమ్మ ఇంటి స్లాబు మీద గంప మోసే కూలీకి, కింద నిలబడి చూసే ఇంటాయనకు మిగిలిన రక్ష ఆ రెండు కాయితాలే.

ఇప్పుడు రెండో ముక్క, దర్వాజల సంగతి. ముహూర్తం చూసి, పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి, వడ్లాయనకు కొత్త బట్టలు పెట్టి ఎత్తే దర్వాజ అంటే మనకు ఎంత గౌరవమో. ఆ గౌరవంలో కొంత కట్టెను కొనే రోజు కూడా చూపించాలి.

కోతమిషన్ దగ్గర కట్టె అమ్మేది సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగు లెక్కన. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న దర్వాజకు 5 అంగుళాలు 3 అంగుళాల కట్టె, గడపతో కలిపి 21 అడుగులు పడుతుంది, అంటే దాదాపు 2.2 సీఎఫ్‌టీ. రంపం కోత, రందా పోగా రెండు కొలతల్లోనూ పావు అంగుళం చొప్పున తగ్గితే మిగిలేది 4.75, 2.75. కట్టెలో 13 శాతం పొట్టుగా పోయింది. ఇది మోసం కాదు, పని స్వభావం. అమెరికాలో రెండు నాలుగు అని పిలిచే కట్టె కూడా నిజానికి ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే. గొడవల్లా రాసిన 5, 3 అన్నది కోతకు ముందా రందా తర్వాతా అన్నది ఎవరూ తేల్చకపోవడం. రందా తర్వాతి కొలత ఇంత ఉండాలి అని ఒక్క వాక్యం రాస్తే గొడవే ఉండదు.

కొలత కంటే పెద్దది తేమ. అప్పుడే నరికిన చెట్టులో, ఎండు బరువుతో పోలిస్తే నీరు 60 శాతం నుంచి వంద శాతం దాకా ఉండొచ్చు. ముందు కణాల బోలుల్లోని నీరు పోతుంది, అప్పుడు బరువు తగ్గుతుంది గానీ కొలత మారదు. తేమ 25, 30 శాతానికి దిగాక కణాల గోడల్లోని నీరు కదలడం మొదలవుతుంది. కుంచించుకోవడం, మెలి తిరగడం, పగలడం అన్నీ అక్కడి నుంచే. కట్టె అన్ని దిక్కులా ఒకేలా కుంచించుకోదు. పొడుగునా దాదాపు కదలదు. దుంగ నడిమి నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది, వలయాల వెంట దానికి రెట్టింపు తగ్గుతుంది. టేకుకు ఈ రెండూ సుమారు రెండున్నర, ఐదున్నర శాతం. అంత నిదానమైన కట్టె కాబట్టే టేకుకు ఆ విలువ. అయినా పచ్చిగా బిగించిన 5 అంగుళాల టేకు ముఖం ఆరేసరికి 4 మిల్లీమీటర్ల దాకా తగ్గుతుంది. గోడకూ దర్వాజకూ మధ్య ప్లాస్టరులో పడే నిలువు గీత అదే. మద్ది, వేప, తుమ్మల్లో ఈ కదలిక ఇంకా ఎక్కువ.

దర్వాజల మందపు కట్టెకు వాతావరణ మండలాన్ని బట్టి 10 నుంచి 16 శాతం తేమ ఉండొచ్చని ఐఎస్ 287 చెబుతుంది. మన దగ్గర మే నెలలో గాలి కట్టెను పిండేస్తుంది, శ్రావణంలో మళ్లీ తేమ ఎక్కిస్తుంది. తలుపు ఎండాకాలం వదులై వానకాలం పట్టేయడం ఇందుకే. ముందే ఆరిన కట్టెకు ఈ ఊగిసలాట చిన్నదిగా ఉంటుంది, పచ్చికట్టె మాత్రం దర్వాజనే మెలిపెడుతుంది.

తేమ కొలవడానికి చిన్న మీటర్లు ఉన్నాయి. రెండు సూదులు కట్టెలో గుచ్చితే వాటి మధ్య విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో చూసి శాతం చెబుతాయి. అదీ లేకపోతే తూకం చాలు. దుంగ కొసన కాదు, కొస నుంచి అడుగున్నర లోపలికి కోసి వేలెడు మందం ముక్క తీయించండి, కొసలు ముందే ఆరిపోయి అబద్ధం చెబుతాయి. ముక్కను వెంటనే గ్రాములు చూపే తూకం మీద పెట్టండి. 60 గ్రాములు వచ్చిందనుకుందాం. ప్రయోగశాలలో దాన్ని 103 డిగ్రీల దగ్గర, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెడతారు. మనం కేకులు చేసే ఓవెన్‌లో మాడకుండా పెట్టి, గంటకోసారి తూస్తూ, రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా ఆరబెట్టొచ్చు. చివరికి 48 గ్రాములైతే పోయిన నీరు 12, దాన్ని 48తో భాగిస్తే 25 శాతం. ఆ కట్టె ఇంకా పచ్చిదే. నీడలో, గాలి ఆడేలా ముక్కకూ ముక్కకూ మధ్య అడ్డపుల్లలు పెట్టి పేర్చితే, అంగుళం మందానికి దాదాపు ఏడాది పడుతుందని పాత వడ్లవాళ్ల లెక్క. అందుకే ఇల్లు మొదలుపెట్టే ఏడాది ముందే దుంగ కొని కొట్టంలో పెట్టుకునేవారు పెద్దలు. ఇప్పుడు దర్వాజ ముహూర్తానికి వారం ముందు కోతమిషన్‌కు పోతున్నాం.

చెదల సంగతి కూడా కట్టె లోపలే తేలుతుంది. టేకు నడిమి చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంటుంది, చెదలకు అది పడదు. చుట్టూ ఉండే తెల్లకట్టెలో అది లేదు. తోటల్లో పెంచి చిన్న వయసులో నరికిన టేకులో తెల్లకట్టె వాటా ఎక్కువ. అంటే "టేకు దర్వాజ" అన్న మాటకు చెదల దగ్గర విలువ లేదు, "చేవ ఉన్న టేకు, తెల్లకట్టె లేకుండా" అన్న మాటకే ఉంది. మన పొలాల్లో పుట్టలు పెట్టే ఒడాంటోటెర్మిస్ జాతి చెదలు కట్టెను నేరుగా అరిగించుకోవు. నమిలిన కట్టెతో పుట్ట లోపల ఒక శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. వానలకు పుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు ఆ పంటే. ఆ తోటకు తడి కావాలి. చెదలు ముందు దర్వాజ కాళ్ల దగ్గరికి రావడానికి కారణం అదే, కట్టె కొస పక్కలకన్నా ఎన్నో రెట్లు వేగంగా నీరు పీలుస్తుంది. కాళ్ల కొసలకూ, గోడకు ఆనే వెనక ముఖానికీ తారు గానీ ప్రైమరు గానీ దర్వాజ ఎత్తకముందే పూయాలి. ఎత్తాక ఆ ముఖం మళ్లీ కనిపించదు. పునాదిలో చెదల మందు ఐఎస్ 6313 ప్రకారం మొరం పోసే దశలోనే కొట్టాలి, గచ్చు వేశాక గుర్తొస్తే లాభం లేదు.

కాబట్టి కాయితంలో ఏం రాయాలి? వకీలు భాష అక్కర్లేదు. ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే రాయొచ్చు. సెంట్రింగ్ కర్రలు 3 అంగుళాలకు తగ్గకూడదు, మూడడుగులకు ఒకటి, ప్రతి కర్ర కింద పలక ముక్క, నడుము దగ్గర రెండు వైపులా అడ్డకట్లు. పోసే ముందురోజు సాయంత్రం ఇంటాయన, మేస్త్రి కలిసి ప్రతి కర్రనూ చేత్తో ఊపి చూడాలి, ఊగింది బిగించేదాకా మిల్లరు రాకూడదు. పోస్తున్నంతసేపూ కింద ఒక మనిషి బయటి వైపు నిలబడి చూస్తుండాలి. పోసిన తేదీ, విప్పే తేదీ కాయితం మీదే వేయాలి. 14 రోజుల కిరాయి మొదటే రేటులో కలిపి మాట్లాడుకోవాలి, అప్పుడు తొందర ఎవరికీ ఉండదు. సజ్జ కర్రలు పై గోడ లేచేదాకా కదలవు. దర్వాజ కట్టె జాతి పేరు, చేవ, రందా తర్వాతి కొలత, బిగించే రోజు తేమ శాతం ఒక్కో వాక్యం. డిపోల్లో "ఆఫ్రికా టేకు", "మలేషియా సాల్" అనేవి వ్యాపారం పేర్లు, చెట్టు పేర్లు కావు, కాబట్టి ముక్క ఒకటి సంతకంతో దాచుకోవాలి.

కర్రల లెక్కను రేటు నుంచి విడదీయగలిగితే ఇంకా మంచిది. స్లాబు పడ్డప్పుడు ఇచ్చే డబ్బులో కొంత ఆపి, విప్పే తేదీ నాడు ఇస్తామని రాసుకోవచ్చు. ఇందిరమ్మ ఇంటికి స్లాబు విడత ఎలాగూ స్లాబు పడ్డాకే వస్తుంది, దాన్ని మేస్త్రికి ఇచ్చే రోజుతో ముడిపెట్టుకోవడం కష్టం కాదు.

సంతకాలు మాత్రం రెండు చాలవు. సెంట్రింగ్ పని సుతారి మేస్త్రి తానుగా చేయడు, షీట్లు కర్రలు ఉన్న ఇంకొకరికి ఇస్తాడు. ఆ మనిషి పేరు గుత్త కాయితంలో ఎక్కడా ఉండదు, ఆ షరతులు అతనికి ఎవరూ చదివి వినిపించరు. కర్రలు విప్పేది అతనే. ఇంటాయన, మేస్త్రి పక్కన మూడో సంతకం అతనిది ఉండాలి, కర్రలు ఊరికి దిగకముందే.